ద్వీపమునుండి పుట్టిన మాట

ఆంగ్లభాషనుండి మన నిత్యవ్యవహారములోనికి వచ్చి చేరిన మాటలలో 'ఐసొలేషన్' ఒకటి. 2020వ సంవత్సరమునకు పూర్వము ఈ మాట ఆసుపత్రి గోడలకును కళాశాల గ్రంథములకును పరిమితమై యుండెను. ఆ సంవత్సరము వేసవిలో కరోనా వ్యాధి దేశమంతట వ్యాపించినప్పుడు, అక్షరజ్ఞానము లేని ముదుసలి సైతము 'మా మనుమని ఐసొలేషనులో ఉంచినారు' అని చెప్పగలిగెను. మాట నోటికి వచ్చినది. కాని దాని అర్థ మెంతవరకు వ్యాపించినది, దాని చరిత్ర యేమి, అది సూచించు స్థితి మన ప్రాంతమునకు క్రొత్తదా పాతదా అను సంగతులను మనము విచారింపలేదు. శ్రీకాకుళ, విజయనగర మండలముల చరిత్రను ఆధారముగా గొని ఆ విచారణ కొంత చేయుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

ఈ మాటకు మూలము లాటిను భాషలోని 'ఇన్సులా'. ఇన్సులా అనగా ద్వీపము. దానినుండి ఇటాలియను భాషలో 'ద్వీపమువలె చేయబడినది' అను అర్థమున ఒక విశేషణము పుట్టినది. అది ఫ్రెంచి భాషలోనికి పోయి, అచ్చటినుండి 18వ శతాబ్దమున ఆంగ్లేయుల నోటికి వచ్చినది. మొదట వారు దానిని ఫ్రెంచి రూపమునందే వాడిరి. పిదప తమ ప్రత్యయములను చేర్చి తమదిగా చేసికొనిరి. 'ఐసొలేషన్' అను నామవాచకము స్థిరపడినది 19వ శతాబ్దముననే. కనుక ఇది ఆంగ్లమున మిక్కిలి ప్రాచీనమైన మాట కాదు.

దీని జ్ఞాతులు మన ఇండ్లలోనే ఉన్నవి. విద్యుత్తీగలకును, పూర్వము రేడియో ఏరియలు తీగకును అమర్చిన పింగాణీ గుండ్లను 'ఇన్సులేటర్లు' అందుము. మధుమేహరోగులు సూదిద్వారా పుచ్చుకొను 'ఇన్సులిన్' ఆ మాటకు జ్ఞాతియే. క్లోమమునందు ద్వీపములవలె చెదరియున్న కణసముదాయములనుండి అది స్రవించుటచే ఆ పేరు కలిగినది. మూడుదిక్కుల నీరును ఒకదిక్కున భూమియు గల దేశమునకు ఆంగ్లమున చెప్పు 'పెనిన్సులా' అను మాటకు 'దాదాపు ద్వీపము' అని అర్థము. మనము నివసించు దక్షిణాపథము అట్టిదే.

ఈ మాట ఒక్కొక్క శాస్త్రమున ఒక్కొక్క వేషము ధరించినది. రాజ్యతంత్రమున ఏ దేశముతోను సంధి చేసికొనక ఒంటిగా నిలుచుటకు ఈ పేరు పెట్టిరి. 1896లో కెనడా శాసనసభ యందు జార్జి ఫాస్టరు అను మంత్రి బ్రిటను ఒంటరితనమును 'వైభవోపేతమైన' దని కొనియాడగా, ఆ మాట బ్రిటిషు రాజకీయ నాయకుల ఉపన్యాసములలో మారుమ్రోగినది. వైద్యమున రోగిని ఆరోగ్యవంతులనుండి వేరుచేయుట ఐసొలేషను. భాషాశాస్త్రమున చుట్టపక్కములు లేని భాషకు 'ఐసొలేట్' అని పేరు. ఐరోపాలోని బాస్కు భాష అట్టిది. ఇన్ని వేషములలోను మూలార్థ మొక్కటియే: చుట్టును నీరు, నడుమ నొక నేల.

తెలుగున దీనికి సరియైన పర్యాయపద మేది? 'ఏకాంతము' అందుమా? ఆలయములలో స్వామికి ఏకాంతసేవ జరుగును. అది గౌరవము, ఆనందము. 'ఒంటరితనము' అందుమా? అది మనస్సున కలుగు దిగులు. 'వెలి' అందుమా? అది శిక్ష. గ్రామపెద్దలు ఒక కుటుంబమును వెలివేసినచో వారికి నిప్పును నీరును పుట్టవు. చాకలియు మంగలియు వారి గడప తొక్కరు. శుభమునకును అశుభమునకును పిలుపు లుండవు. ఆంగ్లేయుడు ఒక్క మాటతో చెప్పుదానిని మన పెద్దలు ఇన్ని మాటలుగా విడదీసినారు. ఈ విభాగమున నొక వివేకము కలదు. ఏకాంతమునందు తలుపు గడియ లోపలివాని చేతిలో నుండును. వెలియందు గడియ వెలుపలివారి చేతిలో నుండును. ఈ భేదమును మనస్సున నుంచుకొని మన మండలముల చరిత్రను చూతము.

గడియ లోపలనున్న దానికి మొదటి ఉదాహరణ శాలిహుండము. వంశధారానది దక్షిణతీరమున, కళింగపట్టణమునకు సమీపమున నున్న ఆ కొండపై బౌద్ధభిక్షువులు స్తూపములను, చైత్యములను, విహారములను నిర్మించుకొని శతాబ్దముల తరబడి నివసించిరి. 1919లో ఆ శిథిలములను లోకమునకు చూపినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. విజయనగరమునకు చేరువనున్న రామతీర్థమున గురుభక్తులకొండ మీదను అట్టి విహారశిథిలములే కలవు. ఈ భిక్షువులు జనమునుండి దూరముగా పోయిరని మన మనుకొందుము గాని, వారు ఎన్నుకొన్న స్థలములను పరికించినచో సత్యము వేరుగా కనిపించును. శాలిహుండము రేవుపట్టణము ప్రక్కన నున్నది. క్రింద నది, కొంతదూరమున సముద్రము. భిక్షువునకు ధ్యానమునకు కొండ కావలెను, భిక్షకు ఊరు కావలెను. వర్షాకాలమున విహారము వీడక ఒకచో నుండుట, తక్కిన కాలమున సంచరించుట వారి నియమము. దూరమును, సామీప్యమును రెంటిని వారే నిర్ణయించుకొనిరి. ఇది ఏకాంతము.

రెండవ దానికి ఉదాహరణ వైదిక వాఙ్మయముననే దొరకును. ఐతరేయ బ్రాహ్మణమున శునశ్శేపుని కథ కలదు. విశ్వామిత్రుడు శునశ్శేపుని పెద్దకుమారునిగా స్వీకరింపగా, ఆయన కొడుకులలో ఏబదిమంది అంగీకరింపరైరి. తండ్రి కోపించి, వారి సంతతి దేశపు అంచులలో బ్రదుకునట్లు శపించెను. ఆ సంతతివారే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అని ఆ గ్రంథము చెప్పుచున్నది. మన ఆంధ్రనామము కనిపించు మిక్కిలి ప్రాచీన ప్రస్తావన లలో నిది యొకటి. ఇందు గమనింపవలసినది రెండు సంగతులు. మొదటిది, మనము వెలివేయబడిన వారి జాబితాలో నున్నాము. రెండవది, ఆ జాబితాలో మన ప్రక్కన నున్నవారు శబరులు. నేడు సీతంపేట, భామిని కొండలలో నివసించు సవరలను పండితులు ఆ శబరులతో పోల్చుచున్నారు. ఒకే వాక్యమున శాపము పొందిన ఇరువురిలో ఒకరు కాలక్రమమున మైదానమున రాజ్యములు స్థాపించి, రెండవవారిని కొండవాండ్రని పిలువసాగిరి.

ఇక శాసనము చేసిన ఐసొలేషను సంగతి. 1830 ప్రాంతమున పాలకొండ, పర్లాకిమిడి, గుంసూరు సీమలలో తిరుగుబాట్లు చెలరేగినవి. వానిని అణచుటకు మద్రాసు ప్రభుత్వము 1832లో జార్జి రస్సెలును ప్రత్యేక కమిషనరుగా పంపినది. సాధారణ న్యాయస్థానములును రెవిన్యూ నిబంధనలును ఈ కొండసీమలకు సరిపడవని నిర్ణయమైనది. 1839వ సంవత్సరపు 24వ చట్టము గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండసీమలను సాధారణ న్యాయపాలననుండి తప్పించి, కలెక్టరును గవర్నరుగారి 'ఏజెంటు'గా నియమించి, అధికారమంతయు ఆయనకు అప్పగించినది. ఆ ఏజెంటు పాలించు ప్రదేశమే 'ఏజెన్సీ' అయినది. వ్యాపారసంస్థకు ఏజెన్సీ యనిన బేరసారముల కార్యాలయము. మన ప్రాంతమున మాత్రము ఏజెన్సీ యనగా కొండ, అడవి, చలిజ్వరము, బస్సు పోని త్రోవ. ఒక ఉద్యోగి హోదా ఒక భూభాగమునకు పేరగుట విచిత్రమే. కాని ఈ మాట నేడు సవరలును జాతాపులును కూడ వాడు తెలుగుమాట.

తరువాతి చట్టములు పేర్లను మార్చినవి. 1874లో 'షెడ్యూల్డు జిల్లాలు' అనిరి. 1919 సంస్కరణలలో 'వెనుకబడిన ప్రదేశములు' అనిరి. 1935 భారత ప్రభుత్వ చట్టము 'మినహాయింపబడిన' ప్రదేశములనియు, 'పాక్షికముగా మినహాయింపబడిన' ప్రదేశములనియు రెండు తరగతులు చేసినది. మద్రాసు రాష్ట్రమున సంపూర్ణముగా మినహాయింపబడినవి లక్కదీవులు, వాని చెంతనున్న దీవులు. పాక్షికముగా మినహాయింపబడినవి తూర్పుగోదావరి ఏజెన్సీయు, 1936లో ఒరిస్సాకు చేరగా మిగిలిన విశాఖపట్టణపు ఏజెన్సీయు. దీవులును కొండలును ఒకే పట్టికలో చేరినవి. లాటిను మాటలోని ద్వీపమును ఆ చట్టము తెలియకయే తలచుకొన్నట్లున్నది. శాసనసభ చేసిన చట్టము గవర్నరుగారు ఆజ్ఞాపించిననే తప్ప ఆ కొండలకు వర్తింపదు.

ఈ ఏర్పాటు కొండజనుల రక్షణకే యని పాలకులు చెప్పుకొనిరి. అందు అసత్యము పూర్తిగా లేదు. 1917లో మద్రాసు ప్రభుత్వము చేసిన చట్టము, ఏజెంటు అనుమతి లేనిదే కొండజాతివారి భూమి ఇతరులకు పోరాదని నిషేధించినది. కాని కొండలు నిజముగా ద్వీపములు కావు. మైదానమునుండి ఉప్పు, ఎండుచేప, గుడ్డలు సంతలకు ఎక్కుచుండెను. చింతపండు, పసుపు, కొండచీపుళ్లు, అడ్డాకులు దిగుచుండెను. ఉప్పు లేక బ్రదుకు సాగదు గదా! ఆ ఉప్పుతోపాటు షావుకారు ఎక్కినాడు. షావుకారుతోపాటు అప్పుపత్రము ఎక్కినది. చట్టము కట్టిన గోడ పాఠశాలను ఆపినది, వైద్యుని ఆపినది, త్రోవను ఆపినది. వడ్డీని మాత్రము ఆపలేదు. చదువు రానివాని వేలిముద్ర, చదువు వచ్చినవాని పత్రము కలిసిన చోట భూమి చేతులు మారినది.

దీని పర్యవసానము స్వాతంత్ర్యానంతరము కూడ కొనసాగినది. 1959లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము షెడ్యూల్డు ప్రాంతముల భూబదిలీ నిబంధనలను చేసినది. అయినను శ్రీకాకుళపు కొండలలో అసంతృప్తి రగులుచునే యుండెను. 1967 అక్టోబరు 31న లేవిడి గ్రామముకడ ఇరువురు గిరిజనులు తుపాకి గుండ్లకు బలియైరి. పిదప మూడేండ్లపాటు ఆ మన్యము రక్తసిక్తమైనది. 1970లో నిబంధనలను సవరించి, షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరునకు భూమి బదిలీ అగుటనే నిషేధించిరి. ఒక శతాబ్దముపైగా రక్షణ పేరిట వేరుచేయబడిన సీమలో రక్షణ ఎంత కొరవడినదో ఈ తేదీలే చెప్పుచున్నవి.

కొండజనులను వేరుగా నుంచవలెనా, మనలో కలుపుకొనవలెనా అను ప్రశ్న 1940 ప్రాంతమున విద్వాంసులలో పెద్ద వాదమునకు కారణమైనది. వెరియర్ ఎల్విన్ 1939లో బైగాజాతినిగూర్చి వ్రాసిన గ్రంథమున, అట్టివారికి సంరక్షిత ప్రదేశ మొకటి ఏర్పరచి, బయటివారి దోపిడినుండి కాపాడవలెనని సూచించెను. సామాజికశాస్త్రజ్ఞుడు ఘుర్యే 1943లో దానిని ఖండించి, వారు హిందూసమాజమునకు వెనుకబడిన శాఖయేగాని వేరు కాదని వాదించెను. ఠక్కరు బాపాయు వేర్పాటును వ్యతిరేకించెను. ఎల్విన్ తరువాత మన పొరుగుననే గంజాము, కోరాపుట్టు కొండలలో సవరలనడుమ తిరిగి, వారి మతమునుగూర్చి 1955లో బృహద్గ్రంథము వెలువరించెను. సంరక్షిత ప్రదేశపు టాలోచనను విడిచెను. ఈ వాదమున ఇరుపక్షములవారును మేధావులే, హితైషులే. అయినను లోపమొకటి కనిపించును. గడియ తీయవలెనా వేయవలెనా యని బయటివారు తర్కించుకొనిరి. లోపలివారిని అడుగుటకు వారి భాష తెలిసినవారు మిక్కిలి తక్కువ.

ఆ తక్కువమందిలో అగ్రగణ్యులు గిడుగువారు. 1863లో శ్రీముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, ఆయన సవరను ఇంట నుంచుకొని వారి భాష నేర్చుకొనిరి. సవరపిల్లలకు సవరభాషలోనే పాఠములు వ్రాసిరి. వారికొరకు బడులు నడపిరి. 1931లో సవర వ్యాకరణమును, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిరి. వ్యావహారికభాషోద్యమమునకు ఆయనను తలచుకొను మనము ఈ రెండవ కృషిని ఒక అనుబంధముగా చూతుము. వాస్తవమున రెండును ఒకటే. పిల్లవానికి తెలిసిన మాటతో చదువు మొదలుపెట్టవలెనను సూత్రమును ఆయన సవర గుడిసెలోను, తెలుగు బడిలోను సమానముగా అన్వయించిరి.

ఆ కృషివలన తేలిన భాషాసత్యము మన ప్రస్తుతాంశమునకు ముఖ్యము. సవరభాషకు తెలుగుతో బంధుత్వము లేదు. అంతమాత్రమున అది ఒంటరిభాష కాదు. ముండారి, సంతాలీ భాషలు దానికి అప్పచెల్లెండ్రు. కాంబోడియాలోని ఖ్మేరు, వియత్నాం భాష దూరపుచుట్టములు. మన కండ్లకు ప్రపంచమునుండి విడివడినట్లు కనిపించు సవర గూడెమునకు బంగాళాఖాతమునకు ఆవలి ఒడ్డుదాక బంధువర్గము కలదు. ఇక సాలూరు, అరకు కొండలలో కొండదొరలు మాట్లాడు కొండభాష మన తెలుగునకే సోదరి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు దానికి వ్రాసిన వర్ణనాత్మక వ్యాకరణము 1969లో వెలువడినది. కనుక భాషాశాస్త్రపు అర్థమున మన మన్యములో 'ఐసొలేట్' లేదు. ఒంటరులని మనము పిలుచువారికి చుట్టము లున్నారు. వారిలో కొందరము మనమే.

వైద్యమునందలి అర్థమును ఇప్పుడు పరిశీలింతము. ఇచట 'క్వారంటైన్', 'ఐసొలేషన్' అను రెండు మాటలను కలిపివేయుట పరిపాటియైనది. రోగము సోకెనేమో యని శంకింపబడినవానిని కొన్నాళ్లు ఆపియుంచుట క్వారంటైను. రోగము తేలినవానిని వేరుచేయుట ఐసొలేషను. క్వారంటైను అను మాటకు ఇటాలియను భాషలో 'నలువది' మూలము. 1377లో ఏడ్రియాటిక్ సముద్రతీరమున రగూసా నగరము, మహామారి యున్న తావులనుండి వచ్చువారిని ముప్పది దినములు వెలుపల నుంచుటకు శాసనము చేసినది. తరువాత అది నలువది యైనది. ఈ మాటలో ఒక సుగుణము కలదు. గడువు దాని కడుపులోనే ఉన్నది. నలువది దినములు గడిచిన గడియ తీయవలసినదే. ఐసొలేషను అను మాటకు అట్టి గడువు లేదు. ద్వీపము చుట్టును నీరు ఎప్పటికిని ఉండును.

గడువు లేని వేర్పాటు ఎంత క్రూరమో కుష్ఠురోగులకు తెలియును. 1898 చట్టము నిరుపేద కుష్ఠురోగులను పట్టి ఆశ్రమములలో నుంచుటకు అధికారమిచ్చినది. మన ప్రాంతమున సాలూరులో క్రైస్తవ మిషనువారు నెలకొల్పిన ఫిలడెల్ఫియా ఆసుపత్రి వేలకొలది రోగులకు తలదాచుకొను తావైనది. ఫిలడెల్ఫియా యనగా గ్రీకుభాషలో సోదరప్రేమ. ఊరు వెలివేసినవానికి ఆ పేరుగల గడప దొరకుట సామాన్యము కాదు. 1980వ దశకమున బహుళౌషధ చికిత్స వచ్చిన పిదప, మందు ప్రారంభించిన కొలదికాలముననే రోగి ఇతరులకు వ్యాధిని అంటింపలేడని స్థిరపడినది. వైద్యమునకు ఐసొలేషను అవసరము తీరినది. అయినను ఆ పాతచట్టము 2016 వరకు రద్దు కాలేదు. ఊరివారి మనస్సులోని వెలి నేటికిని అక్కడక్కడ మిగిలియే యున్నది.

2020లో జరిగినది ఇంకను మన జ్ఞాపకమున నున్నది. నాటి ఆంధ్రప్రదేశపు పదమూడు జిల్లాలలో కరోనా చిట్టచివర ప్రవేశించినవి శ్రీకాకుళము, విజయనగరము. ఏప్రిలు మూడవవారమువరకు రెండింటను ఒక్క కేసును లేదు. పెక్కు గ్రామములు పొలిమేరలలో కంచెలు వేసికొన్నవి. కాని ఆ సమయముననే ఈ రెండు జిల్లాల మత్స్యకారులు వేలకొలదిగా గుజరాతులోని వేరావలు రేవున చిక్కుకొని, నెలకు పైగా పడవలలోనే బ్రదికిరి. ఒడ్డున నిలువ నీడ లేదు, ఇంటికి త్రోవ లేదు. ఏప్రిలు చివర, మే మొదట బస్సులలో వారు స్వస్థలములకు చేరిరి. మరల క్వారంటైను కేంద్రములలో దినములు లెక్కించిరి. జిల్లా రోగములేక నిలిచినందుకు మనము సంతోషించితిమి; జిల్లావారు పొట్టకూటికై ఎంతదూరము పోవుచున్నారో అప్పుడుగాని మనకు తెలియలేదు. మన మండలములు మూలనున్నవని అందరు ననుకొందురు గాని, మన కూలివాని అడుగు పడని రేవు లేదు.

2022 ఏప్రిలు 4న పార్వతీపురము కేంద్రముగా క్రొత్తజిల్లా యేర్పడినది. దానికి 'పార్వతీపురం మన్యం' అని పేరు పెట్టిరి. వెనుకబడిన ప్రదేశము, మినహాయింపబడిన ప్రదేశము అను బిరుదులు పోయి, ఆ నేలకు తెలుగుపేరు శాసనపూర్వకముగా దక్కినది. ఇది మేలుమార్పే. కాని పేరుతో పని ముగియదు. వానకాలమున గెడ్డ పొంగినప్పుడు నిండుచూలాలిని డోలీలో మోసికొని కొండ దిగు గూడెము లింకను ఉన్నవి. గిరిజనులే నివసించుచున్నను, 1950 నాటి షెడ్యూలు పట్టికలో చేరక, భూరక్షణ చట్టములు వర్తింపని గ్రామములును ఉన్నవి. మొదటివారికి త్రోవ కావలెను. రెండవవారికి కంచె కావలెను. ఒకరి విషయమున ఐసొలేషను తొలగవలెను. మరియొకరి విషయమున రక్షణ నిలువవలెను. రెండింటికిని ఒకే మాట వాడి, ఒకే తీర్పు చెప్పరాదు.

కాబట్టి ఈ ఆంగ్లపదమును వినినప్పుడు మనము మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. వేరుచేసిన దెవరు? ఎన్నాళ్లకు? గడియ ఎవరి చేతిలో నున్నది? శాలిహుండపు భిక్షువు ఈ మూటికిని తానే సమాధానము చెప్పగలడు. వేరావలు పడవలోని మత్స్యకారుడు ఒక్కదానికిని చెప్పలేకపోయినాడు. సవరపెద్దను ఎవరును అడుగలేదు; అడిగిన గిడుగువారు ముందుగా ఆయన భాష నేర్చుకొనవలసి వచ్చినది. ఎనుబదియేండ్లనాటి ఆ నిఘంటువులు నేటికిని పనికివచ్చుచున్నవి. వానిని తెరచి చదువు ఉపాధ్యాయులు, వైద్యులు, అధికారులు మన్యమునకు ఎందరు పోయిన, ఆ మేరకు అచ్చటి ద్వీపము ఒడ్డునకు చేరును.